ఉప్పుకొట్టంలో ఏడో గొట్టం

మబ్బుకొండ భుజం మీదికి సూర్యుడు ఎక్కే వేళకు, నూనెలమ్మే వర్తకుడొకడు గాడిదను తోలుకుంటూ దుప్పులకోన కనుమ దిగుతున్నాడు. తలకు జిడ్డుపాగా, గడ్డానికి మసి, భుజాన వేపనూనె తిత్తి. గాడిద వీపున గోనెపట్టాలో చుట్టిన ఏడు వెదురు గొట్టాలు. దారిలో ఎదురైనవాళ్లంతా అతణ్ణి నూనె వర్తకుడనే అనుకున్నారు. నిజానికి అతడు ఏణగిరి యువరాజు అరుణకేతుడు. ఆ గొట్టాల్లో ఉన్నవి ఈగలు.

యువరాజుకు ఈగల గొట్టాలు మోసే గతి ఎందుకు పట్టిందో చెప్పాలంటే ఒక ఒట్టు సంగతి చెప్పాలి. ఏణగిరి మొదటి రాజు ఉప్పు చేతబట్టి కోనదేవత ఎదుట ఒట్టు పెట్టుకున్నాడు. కోనలో దుప్పి ఉన్నన్నాళ్లే అతని వంశానికి సింహాసనం. అందుకే ఆ వంశపు వారసుడు పన్నెండేళ్లు నిండేవరకు కోటలో పెరగడు. దుప్పులకు ఉప్పుపెట్టి కాపుకాసే మందకాపుల గుడిసెల్లో పెరుగుతాడు. అరుణకేతుడూ అలాగే పెరిగి, పన్నెండో ఏట చదువుకోసం ఉష్ణగిరికి, సిద్ధార్యుడనే గురువు దగ్గరికి వెళ్లాడు. ఎనిమిదేళ్లు గడిచాయి. ఈలోగా తండ్రి కాలం చేశాడు. దండనాథుడు వక్రబాహుడు సింహాసనాన్ని కాపాడతానంటూ పక్కన నిలబడి, మెల్లగా దానిమీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టాలంటే కోనలో దుప్పి మిగలకూడదు. ఆ పని చేసిపెట్టడానికి కృమికంఠుడనే మాంత్రికుడు ఒప్పుకున్నాడు.

కృమికంఠుడు సైన్యాన్ని పంపలేదు, పులినీ పంపలేదు. ఎర్రకంటి ఈగను పంపాడు. నెమలి మెడరంగు ఒళ్లు, నిప్పురవ్వల్లాంటి కళ్లు. మామూలు ఈగ చచ్చినదాని మీద వాలుతుంది, ఇది బతికున్నదాని కోసం వెతుకుతుంది. పచ్చిగాయం వాసన తగిలితే ఆమడ దూరం ఎగిరివచ్చి, గాయం అంచున రెండు మూడు వందల గుడ్లు పెట్టిపోతుంది. మర్నాటికల్లా పురుగులు పుట్టి, ప్రాణమున్న కండనే తింటూ లోపలికి దిగుతాయి. జ్యేష్ఠమాసం తొలివానలకు కొమ్ముల పోతుదుప్పులు ఒకదానితో ఒకటి పోరాడే కాలం కనుక, కోనలో గాయాలకు కొదవలేదు.

గురువు పంపేటప్పుడు ఒక్క మాటే చెప్పాడు. "వాడు ఏ రూపమైనా ఎత్తగలడు నాయనా. గొంతు మాత్రం మార్చుకోలేడు. పురుగుమంత్రం జపించి జపించి అది ఎప్పుడో పాడైంది."

ఆ మాట తలుచుకుంటూ వచ్చిన అరుణకేతుడు కనుమ మలుపులో ఆగిపోయాడు. చిన్నప్పుడు ఈ మలుపులో నిలబడితే కోన మొత్తం ఒక పెళ్లిపందిరిలా కనబడేది. అడుగున తంగేడు పూల పసుపు, దానిమీద మంచు, మంచులోంచి తేలే కొమ్ములు. ఇప్పచెట్ల కింద రాలిన పూలు నమిలే దుప్పులు, వాటి వీపుల మీద ముగ్గు చుక్కలు పెట్టినట్టు తెల్లటి మచ్చలు. మనిషి అలికిడికి ఒక్క తల్లిదుప్పి కూస్తే కోన నాలుగు మూలల నుంచీ జవాబు వచ్చేది. ఆ కూతను గొంతులోకి తెచ్చుకోవడానికి అతడు ఏడో ఏట మూడు నెలలు సాధన చేశాడు. వచ్చిన రోజు ఎంత సంబరపడ్డాడో, ఆ తర్వాత పట్టాభిషేకం జరిగినా అంత సంబరం ఉండదని అతనికి తెలుసు.

ఇప్పుడు నోటికి చేతులు అడ్డుపెట్టి ఆ కూత కూశాడు. జవాబు రాలేదు. గాలితోపాటు కుళ్లిన కండ వాసన మాత్రం వచ్చింది. అతనికి ఏడుపొచ్చింది. గడ్డానికి పూసిన మసి కరగకూడదని ఆపుకున్నాడు.

కోన నడిమధ్యన ఉప్పుకొట్టం అలాగే ఉంది. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, లోపల ఏడాదికి సరిపడా ఉప్పు. దుప్పులు గుద్దినా ఊడని మద్దికర్ర తలుపు, దానికి బయటినుంచి అడ్డగడియ. కొట్టం ముందు ఉప్పుబండ, దానిచుట్టూ కొత్తగా పాతిన నాలుగు గుంజలు. మందకాపుల పెద్ద ఓబులమ్మ ఆ గుంజలకు చుట్టిన గొంగళ్లను నూనెతో తడుపుతోంది. అరుణకేతుణ్ణి పెంచింది ఈమే. జుట్టు ముగ్గుబుట్టలా అయింది కానీ, చెయ్యి విసురు తగ్గలేదు.

"నూనె కావాలా అవ్వా? మేలైన వేపనూనె," అన్నాడు గొంతు బొంగురు చేసి.

ఓబులమ్మ తిత్తి మూత తీసి వాసన చూసింది. "మేలైనదే. నీ మాదిరి కల్తీ లేదు. ఎండన పడి వచ్చినావు, కూచో. అంబలి తాగిపో."

ముంత చేతికిచ్చింది. అరుణకేతుడు ముంత ఎత్తబోతూ, పక్కనున్న ఉప్పు చిటికెడు తీసి అడవివైపు తిరిగి నేలమీద వేశాడు. తినేముందు దుప్పికి చిటికెడు ఉప్పు వెయ్యడం కోనలో పెరిగినవాళ్ల అలవాటు. లోకంలో ఏ నూనె వర్తకుడికీ ఆ అలవాటు లేదు. వేషం వెయ్యడానికి నాలుగు రోజులు కష్టపడ్డ యువరాజు దాన్ని చిటికెడు ఉప్పుతో పోగొట్టుకున్నాడు.

 ఓబులమ్మ నూనెచేతులు కొంగుకు తుడుచుకుని దగ్గరకొచ్చి, అతని పాగా సరిచేసింది.

"ఎనిమిదేండ్లకు తోవ దొరికిందా నాయనా," అంది.

"గవ్వ ఉందా అవ్వా?"

"తల్లిని పలకరించేది లేదు, దుప్పిని అడుగుతాడు చూడు," అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఉండాది. ఈ ఏడు దానికి పిల్ల పుట్టింది. దాని పెద్దపిల్లలు ఇద్దరూ పురుగుతో పోయినారు."

గవ్వ అంటే అరుణకేతుడు కోన విడిచివెళ్లే రోజున తన చేతితో చెవి కోసిన దుప్పిపిల్ల. చెవికోత ఆ రాజ్యపు ఆచారం. ఏటా జ్యేష్ఠపున్నమికి, ఉప్పు రుచి మరిగిన పిల్లలను ముళ్లదడిలోకి మళ్లించి, రాజు కత్తితో ఎడమచెవికి చంద్రవంక కోత పెడతారు. ఆ కోత చూస్తే పొరుగు రాజ్యపు వేటగాడైనా విల్లు దించుతాడు. అది కోనదేవత గుర్తు కనుక, తొమ్మిది రోజులవరకు దానికి మందు తగలనివ్వరు. మందు పూస్తే దేవతను నమ్మనట్టని అక్కడివాళ్ల పట్టింపు.

ఓబులమ్మ తాను చేస్తున్నదంతా చూపించింది. బండమీది ఉప్పు నాకాలంటే దుప్పి రెండు గుంజల సందున మెడ దూర్చాలి. దూర్చినప్పుడు వేపనూనె, సీతాఫలం గింజల ముద్ద, పసుపు కలిపి తడిపిన గొంగడి దాని మెడకూ చెవులకూ రుద్దుకుంటుంది. పట్టుకోవడం, కట్టెయ్యడం లేకుండానే వైద్యం అయిపోతుంది. పసుపు మెడ కనబడితే దానికి మందు పడినట్టు లెక్క.

"మూడు నూర్ల మెడలు పచ్చగయినాయి," అంది. "అయినా ఏం లాభం? పొద్దున ఒకటి బాగయితే మాపటికి రెండు పడతాండాయి. పురుగు చస్తాంది, ఈగ చావడంలేదు."

"ఈగను చంపడానికే వచ్చాను. ఈ గొట్టాల్లో రెండేసి వందల ఈగలున్నాయి."

ఓబులమ్మ గోనెపట్టా దగ్గరనుంచి రెండడుగులు వెనక్కి వేసింది. "ఉన్నవి చాలవని ఇంకొన్ని తెచ్చినావా? మీ గురువు నీకు చదువే చెప్పినాడా?"

"అన్నీ పోతు ఈగలే అవ్వా. ఉష్ణగిరి గుహలో ఒక వెలుగురాయి ఉంది. దాని కాంతిలో ఉంచితే ఈగ చావదు, బలం తగ్గదు, పిల్లలు పుట్టించే శక్తి మాత్రం పోతుంది. ఎర్రకంటి ఆడ ఈగ బతుకంతటికీ ఒక్కసారే జతకడుతుంది. ఇలాంటివాడితో జతకడితే ఇక అది పెట్టేవన్నీ ఉత్త గుడ్లే. ఇవి మొదటి విడత. గుర్తుకోసం వీటికి జేగురు పొడి చల్లాం. వీపు ఎర్రగా ఉంటే మనవాడు."

"ముల్లును ముల్లుతోనే తియ్యాలంటారు. అట్లనే కానీ," అంది ఓబులమ్మ. కానీ గొట్టాలను మాత్రం ముట్టుకోలేదు.

"ఇంకొకటుంది. పోయినేడు మొదట పురుగు పట్టింది దేనికి?"

ఆమె ఆలోచించింది. "కోతచెవుల పిల్లలకే."

"పచ్చిగాయం, తొమ్మిది రోజులు మందు లేదు. ఈగకు మనమే విస్తరి వేశాం అవ్వా. ఈ ఏడు చెవికోత ఆపాలి."

ఓబులమ్మ మొహం బిగుసుకుంది. "గవ్వ చెవి కోసింది నువ్వే. ఆ పొద్దు లేని తప్పు ఈ పొద్దు ఎట్ల వచ్చె?"

"అప్పుడు ఈ ఈగ లేదు. తప్పు మనది కాదు. ఇప్పుడు తెలిసీ కోస్తే మనదే అవుతుంది."

ఆమె దడివైపు చూసింది. ముళ్లదడిలో నలభై పిల్లలు మూతులు పైకెత్తి అరుస్తున్నాయి. కోత ఎల్లుండి. రాజు కత్తి తెచ్చి కోత పెట్టే కత్తికాపు రాజధాని నుంచి నిన్ననే వచ్చాడు. కొట్టం నీడన కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, మెడకు ఎర్ర పట్టుగుడ్డ చుట్టుకున్నాడు. కోతకు ముందు మూడు రోజులు కత్తికాపు మౌనం పట్టాలి కనుక నోరు విప్పడు. అరుణకేతుడు తనవైపు చూసేసరికి తల వంచి, గుడ్డలోకి ఒకసారి దగ్గాడు. ఎండుటాకు గొంతుకు అడ్డం పడ్డట్టు పొడిదగ్గు. అరుణకేతుడి మనసు గవ్వ మీద ఉంది. ఆ దగ్గును విన్నాడు కానీ పట్టించుకోలేదు.

"గొట్టాలు విడిచి రానీ. తిరిగొచ్చినాక ఆయనకు నేను నచ్చజెబుతా," అంది ఓబులమ్మ.

ఆరు గొట్టాలు ఆరు మడుగుల దగ్గర విప్పాలి. ఏడోది మిట్టమధ్యాహ్నం దుప్పులు ఉప్పుకు వచ్చే వేళకు ఇక్కడే విప్పాలి. దాన్ని మొయ్యడం ఎందుకని ఓబులమ్మ ఉప్పుకొట్టంలో పెట్టమంది. ఉప్పుకొట్టంలో అబద్ధమాడరు, అక్కడి వస్తువు దొంగిలించరు. ఆ కట్టుబాటు తప్పినవాడు తన తాతల కాలంలో కూడా లేడని ఆమె నమ్మకం. అందుకే తలుపు దగ్గరికి వేసి, కత్తికాపుకు దండంపెట్టి, కాస్త చూస్తుండమని చెప్పి మరీ వచ్చింది.

మొదటి మడుగు దగ్గర లక్క బిరడా తీయగానే జేగురు వీపుల ఈగలు పొగలా లేచి, పొదల్లోకి విడిపోయాయి. రెండోది వాగు అవతల. వాన వరదకు వంతెన తాడు తెగి ఒక్క పోగుమీద వేలాడుతోంది. అరుణకేతుడు గొట్టాలు వీపున కట్టుకుని దానిమీదే పాకాడు. నడిమధ్యకు వచ్చేసరికి ఆ పోగూ తెగింది. తాడుకొసతో ఊగి అవతలి రాతికి మోకాలు కొట్టుకుని పైకెక్కాడు. ఓబులమ్మ మాత్రం తీరిగ్గా కిందికి నడిచి, మోకాటిలోతు నీళ్లలో వాగు దాటి వచ్చింది.

"నీ పదో ఏట కూడా ఇంతే. తోవుంటే తోవన నడిచేవాడివి కాదు," అంది.

మూడు, నాలుగు, ఐదు. ఆరో మడుగు దగ్గర బోదగడ్డి విడదీసుకుంటూ ఒక కొమ్ముల పోతు దూసుకొచ్చింది. కొమ్ము మొదట్లో పురుగు పట్టి, బాధకు మతి తప్పింది. నేరుగా ఓబులమ్మ మీదికి వచ్చింది. అరుణకేతుడు పక్కనుంచి ఎగిరి రెండు కొమ్ములూ పట్టుకున్నాడు. అది అతణ్ణి బురదలో ఇరవై అడుగులు ఈడ్చింది. అతని పాగా పోయింది, వేషం పోయింది. చేతులు మాత్రం వదల్లేదు. ఓబులమ్మ పరుగున వచ్చి తిత్తిలోని నూనె గాయంలోకి ధారగా పోసింది. పురుగులు కుప్పగా రాలాయి. పోతు వణుకుతూ కాసేపు నిలబడి, తర్వాత మెల్లగా వెళ్లి నీళ్లు తాగింది. చాలా రోజులకు అది నీళ్లు తాగడం చూశానని చెప్పి ఓబులమ్మ అక్కడే కూలబడింది.

అప్పుడే అవతలి ఒడ్డున ఒక దుప్పి కనబడింది. పసుపంటిన మెడ, ఎడమచెవికి వంకరటింకర చంద్రవంక. పన్నెండేళ్ల వయసులో కత్తి పట్టడం సరిగా రాక కోసిన కోత అది. అరుణకేతుడు మెల్లగా కూత కూశాడు. గవ్వ తల ఎత్తింది. చెవులు అటూ ఇటూ తిప్పింది. తర్వాత చిన్నగా జవాబు కూసింది. పొద్దుటినుంచి కోనలో అతనికి అందిన మొదటి జవాబు అదే. పాత రోజులన్నీ ఒక్కసారి తిరిగొచ్చినట్టనిపించి అతడు మసి సంగతి మరిచిపోయి ఏడ్చాడు.

"దాని బిడ్డ దడిలో ఉండాది. దానికోసమే ఇక్కడిక్కడే తిరుగుతాంది. పోదాం పద," అంది ఓబులమ్మ.

మధ్యాహ్నానికి తిరిగొచ్చేసరికి దడిలో అరుపులు మారిపోయాయి. నలభై పిల్లల ఎడమచెవులూ కోసి ఉన్నాయి. నెత్తురు మెడల మీదుగా కారుతోంది. కోత ఎల్లుండి కదా, ఎవరు కోశారని అడగడానికి కత్తికాపు కనబడలేదు. రాజు కత్తి మాత్రం కొట్టం గడపలో గుచ్చి ఉంది.

అరుణకేతుడు కత్తి పెరికి లోపలికి దూకాడు. గొట్టం పెట్టినచోటే ఉంది. బిరడా మాత్రం ఎర్రలక్కది కాదు, నల్లమైనం. ఎండవేడికి అది జారిపోతోంది. పట్టుకోబోయేలోగా అంచునుంచి ఒక ఈగ బయటికి వచ్చింది. వీపున జేగురు లేదు. పొట్ట గుడ్లతో ఉబ్బి ఉంది.

అతనికి అంతా అర్థమైంది. లోపల రెండు వందల ఆడ ఈగలు, బయట నలభై పచ్చిగాయాలు. గొట్టం తీసుకుని పారిపోవడానికి వ్యవధి లేదు.

"అవ్వా, తలుపు వేసి గడియ పెట్టు. నేను లోపలే ఉంటాను. బోదకప్పు సందుల్లోంచి ఇవి బయటపడకుండా చూస్తాను. నువ్వు వెళ్లి పిల్లల చెవులకు నూనె పుయ్యి."

"తొమ్మిది దినాలు పూయకూడదు నాయనా."

"నీ ఇష్టం అవ్వా. ఒట్టు ఉప్పుమీద పెట్టింది, దుప్పి బతకాలని. చెవిమీద పెట్టలేదు."

 ఆమె తలుపు రెక్క పట్టుకుంది. "గుర్తుండాదా? నీ ఐదో ఏట చిరుతపులి వచ్చిన దినం నిన్ను ఇందులోనే పెట్టి గడియేసినా. చీకటికి ఒకటే ఏడ్చినావు. నేను బయట నిలబడి దగ్గితే, నువ్వు లోపల దగ్గినావు."

"గుర్తుంది. ఇప్పుడూ అదే. నువ్వు దగ్గు. నేను తిరిగి దగ్గితే బాగున్నట్టు, తలుపు తియ్యొద్దు. జవాబు రాకపోతే మాత్రం నూనె తిత్తితో లోపలికి రా. ఒంటి మీద గుడ్లు పడినవాడికి ఆలస్యం చేస్తే ప్రాణం దక్కదు."

గడియ పడింది. మైనం పూర్తిగా జారింది. ఈగలు బుస్సుమని లేచి, కప్పు సందుల్లోని వెలుతురువైపు ఎగిరాయి. వెలుతురుకన్నా వాటికి ప్రియమైనది ఒక్కటే. అరుణకేతుడు రాజు కత్తితో తన ఎడమ ముంజేతిమీద గీత గీశాడు. నెత్తురు వేళ్లదాకా కారింది. కప్పుదాకా ఎగిరిన ఈగలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి.

వాలనిచ్చాడు. చేతినిండా నల్లగా ముసిరేదాకా కదలకుండా ఓర్చుకుని, కొట్టంలో దొరికిన, ఉప్పు అద్దిన గొంగడితో ఒక్కసారి అదిమాడు. మళ్లీ వాలనిచ్చాడు, మళ్లీ అదిమాడు. గాయం అంచున తెల్లగా గుడ్లు పేరుకుంటున్నాయి. చచ్చిన ఈగలను నూట అరవై దాకా లెక్కపెట్టాడు. చెయ్యి మంటెక్కి, కళ్ల ముందు ఉప్పుకుప్పలు తిరుగుతున్నాయి.

బయట ఓబులమ్మ పిల్లలను ఒక్కొక్కదాన్నీ పేరుపెట్టి పిలుస్తూ చెవులకు నూనె పూస్తోంది. ముప్పై తరాల పట్టింపును ఆమె వేళ్లతో తుడిచేస్తోంది. "ఇది గవ్వ బిడ్డ," అనడం వినబడింది. ఆ మాటకు అతని ప్రాణం లేచొచ్చింది. ఎనిమిదేళ్లుగా తాను తిరిగి రావాలనుకున్నది ఈ గొంతు దగ్గరికే.

అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి. ఓబులమ్మ బయటినుంచి దగ్గింది, పదిహేనేళ్ల కింద దగ్గినట్టే, నేనున్నాలే అన్నట్టు.

అరుణకేతుడు జవాబుగా దగ్గడానికి ఊపిరి తీసుకున్నాడు. ఈలోగా అతని వెనక, పెద్ద ఉప్పుకుప్ప అవతలినుంచి, ఎవరో దగ్గారు. ఎండుటాకు అడ్డం పడ్డట్టు, మంత్రం జపించి జపించి పాడైన గొంతులోంచి వచ్చే పొడిదగ్గు. తిరిగి చూసేలోపు ఎర్ర పట్టుగుడ్డ ఒకటి వచ్చి అతని నోటికి బిగిసింది.

"బాగుండాడు నా బిడ్డ," అంది బయట ఓబులమ్మ. నూనె తిత్తి భుజాన వేసుకుని, మిగిలిన పిల్లల దగ్గరికి వెళ్లిపోయింది.